ఊపిరికి రెండు దెబ్బలు

పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు, తీశాడు. అట్టముక్క మీద పసుపు సుద్దతో పద్నాలుగు అని రాశాను. టైర్లకి గుర్తులు పెట్టే సుద్ద ఇది, లావుగా పడుతుంది, ఇలా రాస్తే పది అంకెలకే అట్ట నిండిపోతుంది, గంటసేపు రాయాలి నేను. మంచానికి ఎదురుగా స్టూలు మీద పంక్చరు సొల్యూషన్ డబ్బాకి ఆనించి ఫోను పెట్టాను. దాంట్లో ఎర్ర చుక్క వెలుగుతోంది, ఆయన ముఖమూ ఛాతీ పడుతున్నాయి, ఒక మూల నా మోకాలు కూడా పడుతోంది, పడనీ. ఊపిరి డాక్టరమ్మ అడిగిన వీడియో ఇది. ఒక గంట నిద్ర తీసుకురామ్మా, ఊపిరి ఆగినప్పుడల్లా ఎంతసేపు ఆగిందో రాయి, ఇరవై దాటితే కుదిపి లేపు, లేవకపోతే కొట్టయినా లేపు, పెదాలు నల్లబడితే మాత్రం ఆగకుండా ఆంబులెన్సుకి ఫోన్ చెయ్యి అంది. కొట్టయినా అంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఈయన్ని కొట్టొచ్చని నాకు చెప్పిన మొదటి మనిషి ఆవిడ. నాకు నవ్వొచ్చింది, దాన్ని దగ్గు కింద మార్చేశాను. ఆయన పక్కనే కుర్చీలో కూర్చుని కునుకు తీస్తున్నాడు, వినలేదు.

ఇప్పుడు బాగానే తీస్తున్నాడు. మూడు పెద్దవి, రెండు చిన్నవి, ఒక అర ఊపిరి, మళ్ళీ పెద్దది. తాళం లేదు, వరస లేదు. గురక పెట్టేవాళ్ళ సంగతి వేరమ్మా అంది డాక్టరమ్మ, వాళ్ళకి గొంతులో దారి మూసుకుపోతుంది, ఛాతీ గాలి కోసం పెనుగులాడుతుంది, మీ ఆయనకి దారి బాగానే ఉంది, తీయమని చెప్పడమే మెదడు మర్చిపోతోంది, ఇన్నేళ్ళు ఇంత గట్టి నొప్పిమందు వాడితే కొందరికి అలా అవుతుంది. ఎనిమిదేళ్ళు. మొదట్లో తెల్ల మాత్ర సగం, తర్వాత ఒకటి, తర్వాత రెండు, తర్వాత ఇంకో రంగు మాత్ర, ఇప్పుడు మూడు రోజులకి ఒకటి చొప్పున వీపు మీద అంటించే మందు పట్టీ. మొదట నొప్పి వస్తే మందు వేసుకునేవాడు, ఇప్పుడు మందు ఆలస్యమైతే నొప్పి వస్తోంది. రాత్రుళ్ళు సరిగ్గా నిద్రపోడు, పగలు మెలకువగా ఉండడు. ముద్ద నోట్లో పెట్టుకుని నిద్రపోతాడు. నన్ను తిడుతూ తిడుతూ తిట్టు సగంలో నిద్రపోతాడు, మొదట్లో మిగతా సగం కోసం అలవాటు కొద్దీ నిలబడేదాన్ని, ఇప్పుడు నా పనికి నేను పోతున్నాను. మీకు నిద్ర పడుతుందా అని కూడా అడిగిందావిడ. ఏం చెప్పను? పక్కన పడుకుని ఆయన ఛాతీ మీద అరచెయ్యి వేస్తాను, చెయ్యి లేవకపోతే నేను లేస్తాను. చూసేవాళ్ళకి ప్రేమ అనిపిస్తుంది కాబోలు.

పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది, తీశాడు. రాశాను. బయట షాపు షట్టరు సగం దించి ఉంచాను, ఒంటిగంటన్నర ఎండ కింది నుంచి లోపలికి వచ్చి తొట్టి నీళ్ళ మీద పడుతోంది. షాపు ముందు గది, మా కాపురం వెనక గది, మధ్యలో తలుపు కూడా లేదు, కర్టెన్. ఎవరో షట్టరు మీద తట్టారు, గాలి ఉందా అని అడిగారు, గంట ఆగి రమ్మన్నాను. నాకు ఈ వీధిలో పంక్చరమ్మ అని పేరు. లారీ చక్రం ఊడదీసి, ట్యూబు లాగి, తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడొస్తే అక్కడ సుద్దతో సున్నా చుట్టి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, ముక్క అంటించి, ఇనప బిగింపులో పెట్టి కరెంటు వేడి తగిలించడం వరకూ అన్నీ నేనే. ఈయన మంచం మీద పడుకుని గోడ అవతల్నుంచి అరుస్తూ నేర్పించాడు. బాగా నేర్పించాడు, ఆ మాట కాదనకూడదు. సుత్తితో టైరు మీద ఒక్కటి కొడితే ఆ చప్పుడు విని గాలి ఎంత తక్కువుందో చెప్పేవాడు, ఇప్పటికీ నిద్రమత్తులో ఉండి కూడా గోడ అవతల్నుంచి చెప్తాడు.

ఆ పట్టీ ఒకటి. పన్నెండింటికి స్నానం చేయించి పాతది తీసి కొత్తది ఎడమ రెక్క కింద అంటించాను. ఉక్కపోత, చెమట, పది నిమిషాలకే ఒక మూల లేచింది. అవి లెక్కపెట్టి ఇస్తారు, ఊడిపోయిందంటే ఇంకోటి ఇవ్వరు, మూడు రోజులు ఈ మనిషి అరుపులు నేను వినాలి. వేలితో ఎంత నొక్కినా మూల మళ్ళీ లేచింది. ఆయన బోర్లా పడుకునే కసిరాడు, ఎన్నేళ్ళనుంచి చేస్తున్నావే ఈ పని, వేడి పెట్టకుండా ఏ ముక్కయినా నిలుస్తుందా అన్నాడు. నిజమే కదా అనిపించింది. నాకు తట్టనందుకు సిగ్గు కూడా వేసింది. నీళ్ళు కాచి రబ్బరు సంచిలో పోసి, అది కూడా నేను ముక్క వేసి బాగుచేసిన సంచే, పట్టీ మీద పెట్టి వెల్లకిలా పడుకోబెట్టాను. మెల్లగా కళ్ళు మూతలుపడ్డాయి. ఎప్పుడూ లేనిది, ఒక్క తిట్టు లేకుండా, చెయ్యి నా మోకాలి మీద వేసి, హాయిగా ఉందే అన్నాడు. ఇదే మంచి సమయం అనుకుని ఫోను పెట్టాను. సంచి ఇంకా వీపు కిందే ఉంది, చల్లారకుండా మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చాను కూడా.

ఇరవై. ఇరవై ఒకటి. భుజం పట్టుకుని కుదిపాను. ఇరవై మూడుకి తీశాడు. కళ్ళు సగం తెరిచి, ఏంటే, అని మళ్ళీ పోయాడు. ఆ చెయ్యి చూడు, మంచం అంచు మీద ఎలా పడుందో, వేళ్ళు తెరుచుకుని, గోళ్ళ కింద ఎనిమిదేళ్ళనాటి నలుపు ఇంకా పోలేదు. మా అత్త ఉన్నన్నాళ్ళూ అనేది, వాడికి కోపం ఎక్కువ గానీ మనసు మంచిదే అని. ఆ మనసు ఎక్కడ పెట్టాడో నాకు కనబడలేదు, చెయ్యి మాత్రం రోజూ కనబడింది. పాత ట్యూబుని నిలువునా కోసి ఒక మూరెడు ముక్క మేకుకి తగిలించి ఉంచేవాడు. రబ్బరుతో కొడితే ఎముక విరగదు, పని ఆగదు, అంత ముందుచూపు. ఒకసారి ట్యూబులో గాలి ఆపే వాల్వు పుల్ల ఒకటి కిందపడి దొర్లిపోయిందని పిడికిలితో నోటి మీద కొట్టాడు, పన్ను ఊడి తొట్టిలో పడింది. ముందు పుల్ల వెతుకు అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో రక్తం మింగుతూ నీళ్ళలో తడిమాను, పుల్లా దొరికింది, పన్నూ దొరికింది. పుల్ల కడిగి ఆయన చేతిలో పెట్టాను, ఆయన దాన్ని బిగించి గాలి కొట్టి బండి పంపించాడు. పన్ను ఏం చేశానో గుర్తులేదు. మా అమ్మాయికి గుర్తుంది, అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు, కర్టెన్ వెనక నిలబడి అంతా చూసింది. పంతొమ్మిది నిండగానే సంచి సర్దుకుని వెళ్ళిపోయింది, రొట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని, ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. ఎలా ఉన్నావమ్మా అని అడగదు. ఇంకా ఉన్నాడా అని అడుగుతుంది. ఉన్నాడు అంటాను, సరే అంటుంది, తర్వాత వేరే మాటలు.

ఎనిమిదేళ్ళ కిందట, ఆ రోజే పోయి ఉండాల్సింది ఈయన. పెద్ద లారీ చక్రానికి ఒక పక్క ఇనప రింగు ఉంటుంది, టైరుని పట్టి ఉంచేది అదే. గాలి ఎక్కేటప్పుడు అది సరిగ్గా కూర్చోకపోతే ఎగురుతుంది, గోడ అడ్డమొస్తే గోడకి కన్నం, మనిషి అడ్డమొస్తే మనిషికి. రింగుకి ఎదురుగా నిలబడకు అని నాకు చెంపదెబ్బ కొట్టి మరీ నేర్పించింది ఈయనే. ఆ రోజు గాలి ఎక్కుతోంది, ఈయన పక్కన నిలబడ్డాడు, నేను ఇచ్చిన రాడ్డు సైజు తేడా వచ్చింది, అరికాలి మంట నెత్తికెక్కింది ఈయనకి. ఆ రాడ్డే ఎత్తి నా మీదకి ఒక్క అడుగు వేశాడు. ఆ అడుగు రింగు ముందు పడింది. చప్పుడుకి చెవులు దిమ్మెక్కిపోయాయి, దుమ్ములోంచి చూస్తే కింద పడున్నాడు, కాలు వెనక్కి తిరిగిపోయి ఉంది, తుంటి ఉండాల్సిన చోట లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను, ముందు వచ్చిన మాట అదే. తర్వాతే కాళ్ళు పరిగెత్తాయి, చేతులు గుడ్డ చుట్టాయి, నోరు అరిచింది. వీధంతా వచ్చింది, అందరూ నా ఏడుపు చూసి ఏడ్చారు. నేను ఎందుకు ఏడ్చానో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఈసారి రెండు చేతులతో కుదుపుతున్నాను, ముప్ఫై, ముప్ఫై ఒకటి, ఏమండీ, తీశాడు. కళ్ళు తెరవలేదు. ఏంటే అని కూడా అనలేదు. మెడ దగ్గర చెమట పట్టి ఉంది. సంచి మరీ వేడిగా ఉందేమోనని వీపు కిందకి చెయ్యి దూర్చాను, పట్టీ అంచు వేలికి తగిలింది. నాలుగు మూలలూ తడిమాను. ఒక్క మూల లేవలేదు, చర్మంలో కలిసిపోయింది, గోరు దూర్చడానికి కూడా సందు లేదు. భలే పట్టింది అనుకున్నాను, పని కుదిరినప్పుడు కలిగే సంతోషం ఒక్క క్షణం కలిగింది. వేడికి సొల్యూషన్ రబ్బరులోకి దిగుతుంది, అందుకే నిలుస్తుంది, వేడి లేకపోతే పైపైనే ఉంటుంది, వేడి తగిలితేనే లోపలికి, వేలు అక్కడే ఆగిపోయింది. లోపలికి దిగుతుంది. దీంట్లో ఉన్నది సొల్యూషన్ కాదు. మూడు రోజులు కొంచెం కొంచెంగా దిగాల్సిన మందు. మందుల షాపాయన మొదటిసారి ఇచ్చినప్పుడు వేడికి దూరంగా ఉంచమ్మా అన్నాడు, నేను ఆ పెట్టెని నీళ్ళకుండ పక్కన చల్లగా దాచాను, ఎండ తగలకుండా గుడ్డ కప్పాను, ఎంత జాగ్రత్త మనిషినో. పెట్టెని కాదు ఆయన అన్నది. గంటన్నరగా నేను ఈ మనిషికి మందు కాచి పోస్తున్నాను.

అప్పుడే ఆగాడు. ఒకటి, రెండు. తెలిసింది కదా, సంచి లాగు, పట్టీ పీకు, మూడు, నాలుగు, చెయ్యి వీపు కిందే ఉంది, లాగడానికి ఒక్క క్షణం పని. లాగలేదు. తొమ్మిది, పది. ఫోను ఎర్ర చుక్క. అడ్డుపడేవాళ్ళు ఎవరూ లేరు, అడిగేవాళ్ళూ లేరు, అత్త పోయింది, పొరపాటు ఎవరిది అంటే ఆయన పెట్టమన్నాడు నేను పెట్టాను, మా పనిలో అందరం అలాగే చేస్తాం, నిజమే కూడా. పదహారు. ఆదివారం అమ్మాయి ఫోన్ చేస్తే అడగాల్సిన ఆ మాట ఉండదు. ఏం అడుగుతుందో అప్పుడు. పంతొమ్మిది, ఇరవై, కుదపాలి, ఇరవై ఒకటి. ఛాతీ మీద అరచెయ్యి లేకుండా పడుకోవచ్చు. గోడ వైపు తిరిగి పడుకోవచ్చు, పొద్దెక్కేదాకా. మేకు ఇంకా గోడకే ఉంది, ఈయన లేవలేని మనిషి అయ్యాక ట్యూబు ముక్క నేనే తీసి పొయ్యిలో పడేశాను, మేకు పీకలేదు, ఎందుకు పీకలేదో, ఇరవై ఎనిమిది. ఈగ ఒకటి పెదవి మీద వాలింది. తోలలేదు. పెదవి రంగు మారుతోంది, ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు. ముఖం చూశాను. ముఖంలో ముడతలన్నీ పోయాయి, కనుబొమలు విడిపోయాయి, దవడ వదులైంది. నొప్పి లేదు, కోపం లేదు, ఇరవై ఆరేళ్ళలో ఆ ముఖం ఇంత హాయిగా ఉండగా నేను చూడలేదు. నలభై. హాయిగా ఉందే అన్నాడు ఇందాక. నలభై రెండు. హాయిగానా? నలభై నాలుగు. ఇలాగా పోయేది? ఏమీ తెలియకుండా, వెచ్చగా, నేను కాచిన నీళ్ళ మీద పడుకుని? పన్ను ఊడినప్పుడు నేను మెలకువగా ఉన్నాను. ట్యూబు ముక్క ఒంటి మీద పడిన ప్రతిసారీ నేను మెలకువగానే ఉన్నాను. నలభై ఏడు.

చెయ్యి ఎప్పుడు లేచిందో తెలీదు, చెంప మీద పడింది. తల అటు వాలిపోయింది, ఏం లేదు. పిడికిలి బిగించి ఛాతీ మధ్యలో కొట్టాను. గాలి లోపలికి పోయిన చప్పుడు వినబడింది, పెద్ద చప్పుడు, గొంతు గీరుకుంటూ. తీశాడు. అక్కడితో అయిపోయింది, ఆపాలి. ఆపలేదు. మూడోది పడింది, నాలుగోది పడింది. లేరా అన్నాను, ఇరవై ఆరేళ్ళలో అనని మాట, లేరా, కళ్ళు తెరువు, చూడు ఎవరు కొడుతున్నారో చూడు. వాల్వు పుల్ల గుర్తొచ్చి ఒకటి. పిల్ల కర్టెన్ వెనక నిలబడింది గుర్తొచ్చి ఒకటి. మిగతావి ఏవీ గుర్తురాకుండానే కొట్టాను. అతను ఊపిరి తీస్తూనే ఉన్నాడు, నేను కొడుతూనే ఉన్నాను, మంచం కిర్రుమంటోంది, నా గాజు పగిలి నా మణికట్టులోనే దిగింది. తొమ్మిదో దెబ్బకి చెయ్యి నొప్పెట్టి ఆగాను. ఊడదీయడం, బిగించడం నేర్చుకున్న చెయ్యి ఇది, దీంట్లో ఇంత బలం ఉందని నాకే తెలీదు. ఆయన కళ్ళు తెరవలేదు. పెదాలు నల్లగా ఉన్నాయి. మళ్ళీ ఆగాడు.

అప్పుడు భయం వేసింది. కాళ్ళు చేతులు ఆడలేదు అంటారు కదా, నాకు మాత్రం అవి తప్ప ఏవీ ఆడలేదు. సంచి లాగి గోడకేసి విసిరాను, నేను వేసిన ముక్క దగ్గరే పిగిలి నీళ్ళు కారాయి. మనిషిని పక్కకి తిప్పి పట్టీ పీకాను, రాలేదు, అంత బాగా పట్టింది, రెండు చేతులతో పీకితే చర్మంతో సహా వచ్చింది. షాపు మీటల ఫోనుతో ఆంబులెన్సుకి చేశాను. ఒక ఆడపిల్ల గొంతు, తొందర లేకుండా, ఒకటొకటిగా చెప్పింది, ఆ చోట తడిగుడ్డతో తుడవండి, వెల్లకిలా వేయండి, గడ్డం పైకెత్తండి, ముక్కు మూయండి, మీ నోరు ఆయన నోటి మీద గట్టిగా పెట్టి ఊదండి, ఛాతీ లేస్తుందేమో చూడండి, అయిదు లెక్కపెట్టి మళ్ళీ ఊదండి, మీకొచ్చా అంది. గాలి కొట్టడం వచ్చా అని నన్ను అడుగుతోంది. నోరు పెట్టాను. ఎన్నేళ్ళయిందో ఆ నోటి దగ్గరకి వెళ్ళి. చేదు, మందు వాసన. మొదటిసారి ఊదితే నా పన్ను లేని సందులోంచి సగం గాలి పక్కకి పోయింది, ఆయనే చేసిన సందు, నాలుక అడ్డం పెట్టి మళ్ళీ ఊదాను. ఛాతీ లేచింది. ఎంత లేవాలో నాకు తెలుసు, ఎక్కడ ఆపాలో తెలుసు. అయిదు లెక్కపెట్టడం, ఊదడం. కళ్ళ ముందు చుక్కలు. నా గాలి ఇతనిలో పడి తిరిగి వచ్చి నా ముఖానికే తగులుతోంది. చావకు అన్నాను ఊదుతూ ఊదుతూ, చావకురా, ఎందుకన్నానో అడక్కండి, మధ్యమధ్యలో తిట్టాను కూడా.

పదకొండు నిమిషాలకి షట్టరు ఎత్తుకుని ఇద్దరు వచ్చారు, ఒక నర్సమ్మ, ఒక డ్రైవరు. ఏ మందు అని అడిగింది, పట్టీ చూపించాను, వేడి పెట్టాను అని చెప్పాను, అంటుకోలేదని వేడి పెట్టాను, మా పనిలో అలాగే అతికిస్తాం అన్నాను. ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి, వేడికి మందంతా ఒకేసారి ఒంట్లోకి దిగుతుందమ్మా అంది, తిట్టలేదు. ముక్కులో ఏదో మందు కొట్టింది. రెండు నిమిషాలు ఏమీ లేదు, వాళ్ళ సంచితో వాళ్ళు గాలి పంపుతూ ఉన్నారు. మళ్ళీ కొట్టింది. ఒక్కసారిగా లేచాడు. ఎనిమిదేళ్ళుగా మందు కింద అణిగి ఉన్న నొప్పంతా ఒకేసారి మీదపడినట్టుంది, అరిచిన అరుపుకి వీధిలో నడిచేవాళ్ళు ఆగిపోయారు. కళ్ళు తిరిగాయి, నన్ను చూశాయి, చెయ్యి లేచింది. అదే చెయ్యి, అదే లేవడం, ఎంత పాత సంగతైనా ఒళ్ళు మర్చిపోదు, నా మెడ దానంతటదే ముడుచుకుంది. కానీ నా చెయ్యి దాని ముందే వెళ్ళి మణికట్టు పట్టుకుంది. సన్నగా ఉంది. ఎంత సన్నబడ్డాడో రోజూ స్నానం చేయిస్తూ కూడా నేను గమనించలేదు. కాసేపు అలాగే పెనుగులాడి వదిలేశాడు.

ఆంబులెన్సులో నర్సమ్మ చెప్పింది, ముక్కులో కొట్టిన మందు కాసేపే పనిచేస్తుంది, ఆ పట్టీ మందు ఇంకా ఒంట్లో ఉంది, మళ్ళీ ముంచేస్తుంది, నిద్రపోనివ్వకండి, ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండండి అని. మాట్లాడించాలట. మేమిద్దరం మాట్లాడుకుని ఎన్నాళ్ళయింది, ఇన్నేళ్ళూ అది తీసుకురా, ఇది ఇవ్వు, అంతే కదా. ఫోను నా ఒళ్ళో ఉంది, దారిలో గుర్తొచ్చి చుక్క నొక్కి ఆపాను. గంటా ఇరవై నిమిషాలు. నేను లెక్కపెట్టిన నలభై ఏడూ అందులో ఉంది, చెయ్యి వీపు కింద పెట్టి కదలకుండా కూర్చున్నదీ ఉంది, తొమ్మిది దెబ్బలూ ఉన్నాయి. చెత్తబుట్ట గుర్తు మీద వేలు పెట్టాను, నిజంగా తీసేయాలా అని అడిగింది ఫోను. నర్సమ్మ ఆయన చొక్కా తెరిచి తీగలు అంటిస్తూ ఛాతీ చూసింది, ఎర్రగా కమిలిపోయి ఉంది, ఇవేంటి అంది. ఊపిరి కోసం కొట్టాను, డాక్టరమ్మ కొట్టమంది అన్నాను. మంచిపని చేశారు, మీరు లేకపోతే మనిషి దక్కేవాడు కాదు అంది. తల ఊపాను. వద్దు అని ఉన్న చోట నొక్కి ఫోను సంచిలో పెట్టుకున్నాను.

ఆయన వింటున్నాడు. నొప్పికి పళ్ళు కొరుక్కుంటూ, కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే, వింటున్నాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి. నిద్రపోకు అన్నాను. నిద్రపోకండి అనలేదు, ఆ మర్యాద ఇంట్లో మంచం దగ్గరే ఉండిపోయింది. ఆయన దాన్ని గమనించాడు. చేత్తో ఛాతీ తడుముకున్నాడు, చెంప తడుముకున్నాడు. దెబ్బల సంగతి తెలిసిన మనిషి, ఎంత బలంతో పడ్డాయో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఎన్ని కొట్టావే?" అన్నాడు.

"తొమ్మిది."

సైరను మోగుతోంది, బండి ఎక్కడో గుంతలో పడి లేచింది, నొప్పికి మూలిగాడు. నర్సమ్మ అటు తిరిగి ఏదో రాసుకుంటోంది.

"తొమ్మిదీ ఊపిరికేనా?"

అవును అంటే సరిపోయేది. ఆవిడ మెచ్చుకుంది కూడా. ఆయన ముఖం నా వైపు తిప్పాను, గడ్డం పట్టుకుని, గట్టిగానే.

"రెండు నీ ఊపిరికి. మిగతా ఏడూ నావి."

ఆయన కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. భయమో, ఇంకేమిటో, ఇన్నేళ్ళలో ఆ కళ్ళలో నేను చూడనిది ఒకటి వచ్చి నిలబడింది. నేను కళ్ళు దించుకోలేదు, ఆయన మూసుకోలేదు. ఊపిరి తీశాడు. ఇంకోటి తీశాడు. నేను లెక్కపెట్టలేదు.